పోయిన స్వేచ్ఛకు పరిహారము

ప్రజాస్వామిక రాజ్యములలో పౌరుల స్వేచ్ఛకు రెండు విధముల హాని కలుగవచ్చును. చట్టమును ధిక్కరించి అధికారులు చేయు హాని యొకటి. చట్టము ప్రకారమే, సర్వలాంఛనములతోడను, న్యాయస్థానముల ఆమోదముతోడను జరుగు హాని రెండవది. మొదటిదానికి విరుగుడు న్యాయస్థానమున లభించును. రెండవదానికి విరుగుడేది? అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నలువదియారు సంవత్సరములు పట్టిన వ్యవహార మొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములకు తరలించిన వ్యవహారమది. 1942లో ఒక ఉత్తరువుతో ఆరంభమై, 1988లో ఒక చట్టముతో కొలిక్కి వచ్చిన ఆ కథను శ్రోతలకు నివేదింపదలచితిమి.

ఇందుకు కొంత పూర్వకథ అవసరము. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమునుండి జపాను దేశీయులు హవాయీ చెరకుతోటలకును, అమెరికా పడమటి తీరమునందలి పొలములకును పనికై వలసపోయిరి. వీరిని ‘ఇస్సెయి’లు అందురు, మొదటి తరమువారని అర్థము. వీరికి అమెరికా పౌరసత్వమును పొందు వీలు లేకుండెను. 1790 నాటి చట్టము వలసవచ్చినవారిలో శ్వేతజాతీయులకు మాత్రమే ఆ హక్కు నిచ్చెను. అంతర్యుద్ధానంతరము 1870లో దానిని ఆఫ్రికా సంతతివారికి విస్తరింపజేసిరి కాని, ఆసియావారిని చేర్చలేదు. తకావో ఒజావా అను జపానీయుని అభ్యర్థనను సుప్రీంకోర్టు 1922లో త్రోసివేసెను. మరుసటి యేడు, మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని విషయమునను అట్టి తీర్పే ఇచ్చెను. అనగా ఆనాడు ఈ తలుపు భారతీయులకు గూడ మూసియే యుండెను. పౌరులు కాజాలని విదేశీయులు వ్యవసాయభూమి కొనరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 1913లో మరియొక చట్టము చేసెను. ఐతే వీరి బిడ్డల స్థితి వేరు. అమెరికా గడ్డపై పుట్టినవారు పౌరులే యని 1868 నాటి పదునాలుగవ రాజ్యాంగ సవరణ శాసించెను. ఈ రెండవ తరమువారికి ‘నిసెయి’లని పేరు. తండ్రి విదేశీయుడు, కుమారుడు పౌరుడు. ఒకే యింట రెండు స్థితులు.

1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెర్ల్ హార్బరుపై బాంబులు కురిపించినవి. పడమటి తీరమున భయము వ్యాపించెను. శత్రువు సముద్రము మీదుగా వచ్చునేమో యను భయము సహజమైనది. కాని దానికి పాతకాలపు జాతిద్వేషమును, జపాను రైతుల పోటీని సహింపజాలని వర్గముల స్వార్థమును తోడయినవి. పడమటి తీర రక్షణకు అధిపతియైన జనరల్ జాన్ డెవిట్, జపాను సంతతివారి నందరిని అక్కడనుండి తొలగింపవలెనని పట్టుపట్టెను. అంతవరకు విధ్వంసకచర్య యేదియు జరుగలేదు గదా యనినచో, జరుగకపోవుటయే ముందు జరుగబోవుననుటకు సూచన యని ఆయన తన సిఫారసులో వ్రాసెను. ఇట్టి తర్కమునకు ఎదురుచెప్పు మార్గమే లేదు. నేరము చేసినను దోషియే, చేయకున్నను దోషియే!

ప్రభుత్వములో నిజము తెలిసినవారు లేకపోలేదు. అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్ సామూహికముగా తరలించుటకు అభ్యంతరము చెప్పెను. దేశమంతటి గూఢచారి వ్యవహారములు తెలిసిన జె. ఎడ్గార్ హూవరు గూడ అట్టి అవసరము కలదని తలంపలేదు. ఐనను సైనికావసరమను మాట ముందు వారి మాట నిలువలేదు. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 9066వ ఉత్తరువుపై సంతకము చేసెను.

ఆ ఉత్తరువును చదివినవారికి అందులో జపాను మాటయే కనబడదు. సైనికాధికారులు కొన్ని ప్రాంతములను నిర్ణయించి, అక్కడనుండి ఎవరినైనను తొలగింపవచ్చునని మాత్రమే అందు కలదు. మాట అందరికిని వర్తించునట్లున్నది. అమలు మాత్రము ఒక జాతిపై జరిగెను. జర్మనీ, ఇటలీ దేశముల సంతతివారిని ఈ విధముగా మూకుమ్మడిగా తరలింపలేదు. ఉత్తరువును అతిక్రమించుట నేరమని కాంగ్రెసు మార్చి నెలలో చట్టము చేసెను. అధ్యక్షుడు, శాసనసభ, సైన్యము—మూడును ఏకమైనవి.

తంతిస్తంభములపై ప్రకటనలు అంటించిరి. చాలచోట్ల వారము దినములకు అటునిటు మాత్రమే గడువు. చేత మోయగలిగినంత సామానే తీసికొని రావలెను. దుకాణములు, పడవలు, ఇంటి సామగ్రి వచ్చిన ధరకు అమ్ముకొనిరి. చేతికందబోవు పంటను పొలముననే విడిచి పోయినవారును కలరు. కుటుంబమునకొక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యగల చీటిని ప్రతి మనిషికిని, ప్రతి పెట్టెకును కట్టిరి. తొలుత వారిని ఉంచిన తాత్కాలిక కేంద్రములలో సాంటా అనీటా, టాన్ఫొరాన్ అను గుర్రపు పందెముల మైదానములు కలవు. అచ్చట గుర్రపుశాలలే కొన్ని కుటుంబములకు నివాసములయ్యెను. పిమ్మట కాలిఫోర్నియాలోని మాంజనార్, యూటాలోని టోపాజ్, వయోమింగ్లోని హార్ట్ మౌంటెన్ మొదలైన పది శిబిరములకు పంపిరి. అవి చాలవరకు ఎడారులు, బంజరులు, చిత్తడినేలలు. తారుకాగితము కప్పిన కొయ్యపాకలు, చుట్టును ముళ్ళతీగ, తుపాకులు పట్టిన కాపలావారు. ఈ విధముగా నిర్బంధింపబడినవారు సుమారు 1,20,000 మంది. వారిలో మూడింట రెండు వంతులు అమెరికాలో పుట్టిన పౌరులు. వీరిలో ఎవరిపైనను ఆరోపణ లేదు, విచారణ లేదు.

ఇచ్చట ఒక్క విషయమును గమనింపవలెను. బాంబులు పడినది హవాయీలో. ఆ దీవులలో జనాభాలో మూడవవంతునకు పైగా జపాను సంతతివారే. భయమునకు కారణ మెక్కడనైన ఉన్నచో అక్కడ ఉండవలెను. కాని హవాయీలో సామూహికముగా తరలించుట జరుగలేదు. వారిని తొలగించినచో అక్కడి పనులే ఆగిపోవును. సైనికశాసనము విధించి, అనుమానితులను కొందరిని మాత్రము నిర్బంధించి, యుద్ధము నడిపిరి. అపాయమునకు దగ్గరగానున్న చోట అవసరము లేనిది, రెండువేల మైళ్ళకు పైగా దూరమున అవసరమెట్లయ్యెను? ఈ ప్రశ్నకు ఆనాటి అధికారుల వద్ద సమాధానము లేదు.

తరలింపబడినవారిలో అధికసంఖ్యాకులు సహనముతో ఉత్తరువును పాటించిరి. లొంగుటయే రాజభక్తికి నిదర్శనమని వారి నాయకులు బోధించిరి. కాని నలుగురు పౌరులు వేరు దారి పట్టిరి. పోర్ట్‌లండు నగరమున న్యాయవాదియైన మినోరు యసూయి, కర్ఫ్యూ న్యాయబద్ధమగునో కాదో తేల్చుకొనవలెనని 1942 మార్చి 28వ తేదీ రాత్రి బుద్ధిపూర్వకముగా వీధులలో తిరిగి అరెస్టయ్యెను. తొమ్మిది నెలలు ఒంటరి చెర ననుభవించెను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థియైన గోర్డన్ హీరాబయాషి, ఆ ఆజ్ఞలను పాటింపజాలనని చెప్పి స్వయముగా అధికారుల ఎదుట నిలిచెను. తరువాత అతనిని అరిజోనాలోని శిక్షాస్థలమునకు పంపుటకు ప్రభుత్వము ఖర్చు పెట్టజాలనన్నపుడు, దారినపోవు వాహనములను ఆపి ఎక్కుచు తానే అక్కడికి చేరి శిక్ష ననుభవించెను! ఓక్లండున పుట్టిన ఫ్రెడ్ కొరెమాట్సు వెల్డరు పనివాడు. అతడు శిబిరమునకు పోక తన ఊరివద్దనే ఉండి 1942 మే నెలలో పట్టుబడెను. నాలుగవ వ్యక్తి మిత్సుయే ఎండో. ఈమె కాలిఫోర్నియా రాష్ట్రప్రభుత్వ ఉద్యోగిని; ఆమె సోదరుడు అమెరికా సైన్యమున పనిచేయుచుండెను. ఆమె పక్షమున హెబియస్ కార్పస్ దరఖాస్తు దాఖలైన పిదప, ప్రభుత్వ మామెను విడుదల చేయుదుమని చెప్పెను. విడుదలైనచో కేసు నిలువదని తెలిసి, ఆమె శిబిరముననే ఉండుటకు నిశ్చయించుకొనెను. ఈ త్యాగమునకు తగినంత ప్రసిద్ధి రాలేదు.

పౌరస్వేచ్ఛల రక్షణకే 1920లో ఏర్పడిన అమెరికా పౌరస్వేచ్ఛా సమాఖ్య సయితము ఈ సమయమున తడబడెను. ఆ ఉత్తరువు రాజ్యాంగబద్ధమా కాదా యను మూలప్రశ్న నెత్తరాదని దాని జాతీయ కార్యవర్గము తీర్మానించెను. ఉత్తర కాలిఫోర్నియా శాఖకు అధిపతియైన ఎర్నెస్ట్ బెసిగ్ మాత్రము పెద్దల మాట వినక, కొరెమాట్సును జైలులో కలిసికొని ఆ కేసును నడిపించెను.

సుప్రీంకోర్టు 1943 జూన్ 21వ తేదీన హీరాబయాషి, యసూయిల కేసులలో కర్ఫ్యూను ఏకగ్రీవముగా సమర్థించెను. 1944 డిసెంబరు 18వ తేదీన కొరెమాట్సు కేసులో ఆరుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షమునను, ముగ్గురు వ్యతిరేకముగను తీర్పు చెప్పిరి. అధికసంఖ్యాకుల తీర్పును వ్రాసిన హ్యూగో బ్లాక్ పౌరస్వేచ్ఛలకు పెట్టనికోట యని పేరుపొందినవాడు. వ్యతిరేకించినవారు రాబర్ట్స్, మర్ఫీ, జాక్సన్ అనువారు. వారిలో జాక్సన్ చూపిన అపాయము లోతైనది. సైన్యాధిపతి చేసిన తప్పు యుద్ధముతో ముగియును. ఆ తప్పును సమర్థించిన తీర్పు మాత్రము గుండు నింపిన తుపాకివలె, ముందుకాలమున అవసరమని చెప్పుకొను అధికారి యెవడైనను అందుకొనుటకు సిద్ధముగా పడియుండునని ఆయన హెచ్చరించెను. అదేదినమున ఎండో కేసులో కోర్టు ఏకగ్రీవముగా, రాజభక్తురాలని ప్రభుత్వమే ఒప్పుకొనిన పౌరురాలిని నిర్బంధించుటకు అధికారము లేదని చెప్పెను. ఈ తీర్పునకు ముందుదినముననే సైన్యము నిషేధమును ఎత్తివేయుచున్నట్లు ప్రకటించెను.

ఇంతలో ఆ ముళ్ళతీగ లోపలినుండియే యువకులను సైన్యమునకు పిలిచిరి. నిసెయి యువకులతో ఏర్పడిన 442వ రెజిమెంటు ఇటలీలోను, ఫ్రాన్సులోను పోరాడి, తన పరిమాణమునకును పనిచేసిన కాలమునకును సరిపోల్చినచో అమెరికా సైన్యముననే అత్యధిక బిరుదులు పొందిన దళమని కీర్తి గడించెను. హార్ట్ మౌంటెన్ శిబిరమున 63 మంది యువకులు మాత్రము, తమ పౌరహక్కులను తమకు తిరిగి యిచ్చినచో యుద్ధమునకు వత్తుమని చెప్పి 1944లో చెరసాలకు పోయిరి. వారికి 1947లో అధ్యక్షుడు ట్రూమన్ క్షమాభిక్ష ప్రసాదించెను. పోరాడినవారును, పోరాటమును నిరాకరించినవారును కోరినది ఒక్కటే: తాము పౌరులమని గుర్తింపు.

యుద్ధానంతరము ప్రభుత్వము చేసిన మొదటి సవరణ 1948 నాటి పరిహార చట్టము. నష్టపోయిన ఆస్తికి రుజువు చూపినవారికి సొమ్ము ఇచ్చుట దాని ఉద్దేశము. చేతిసంచితో ఇల్లు విడిచినవారి వద్ద రసీదు లెక్కడివి? 14 కోట్ల 80 లక్షల డాలర్లకు దరఖాస్తులు రాగా, చెల్లించినది సుమారు 3 కోట్ల 70 లక్షల డాలర్లు. అంతకంటె ముఖ్యమైన లోపమొకటి కలదు. పోయిన కుర్చీకి, బల్లకు వెలకట్టిన ఆ చట్టము పోయిన స్వేచ్ఛను గూర్చి మాటయే ఆడలేదు. ప్రభుత్వము నష్టము నొప్పుకొనెను కాని తప్పు నొప్పుకొనలేదు. ఈ భేదమే మేము చెప్పదలచిన విషయమునకు మూలము.

తరువాతి రెండు దశాబ్దములలో విధానము కొంత ముందుకును, కొంత వెనుకకును నడచెను. 1952లో పౌరసత్వమునకు జాతి అడ్డుగోడను తొలగించిరి. ఇస్సెయి వృద్ధులు అప్పుడు పౌరులు కాగలిగిరి. కాని అంతకు రెండేండ్ల ముందే, 1950లో, కమ్యూనిస్టు భయముతో కాంగ్రెసు మరియొక చట్టము చేసియుండెను. అత్యవసర పరిస్థితిలో గూఢచర్యమునకు పాల్పడుదురని అనుమానము గలవారిని నిర్బంధించుటకు అది వీలు కల్పించెను. దానిని రద్దు చేయించుటకు ఉద్యమించినవారిలో జపాను సంతతివారు ముందుండిరి. 1971లో కాంగ్రెసు దానిని రద్దు చేసి, కాంగ్రెసు చేసిన చట్టము ననుసరించి తప్ప పౌరుని నిర్బంధింపరాదని శాసించెను. తమకు జరిగినదానికి ఫలమేమియు దక్కకమునుపే, ఇతరులకు జరుగకుండ కాపాడుటకు పూనుకొనుట వారి విజ్ఞత. 1976 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ 9066వ ఉత్తరువు చెల్లదని లాంఛనముగా ప్రకటించెను.

అప్పటికిని దేశము ఎదుట పూర్తి నిజము రాలేదు. కావున 1980లో కాంగ్రెసు ఒక విచారణ సంఘము నేర్పరచెను. 1981లో ఆ సంఘము పలు నగరములలో సభలు జరిపి 750 మందికి పైగా సాక్షులను విచారించెను. నలువది యేండ్లు తమ బిడ్డలకు గూడ చెప్పని సంగతులను వృద్ధులు అచ్చట నోరువిప్పి చెప్పిరి. నేరము చేయకయే శిక్షపడినవారికి నేరస్థులకు లేని సిగ్గు కలుగుట ఈ వ్యవహారమునందలి ఒక విషాదము. 1983లో సంఘము తన నిర్ణయమును ప్రకటించెను. ఈ తరలింపునకు సైనికావసరము కారణము కాదనియు, జాతిద్వేషము, యుద్ధోన్మాదము, రాజకీయ నాయకత్వ వైఫల్యము అను మూడును కారణములనియు తేల్చెను.

ఈ సంఘమున పరిశోధకురాలుగా పనిచేసిన ఐకో హెర్జిగ్ యోషినాగా, తాను యువతిగా శిబిరముల ననుభవించిన మనిషి. జాతీయ దస్తావేజుల భాండాగారమున వెదకుచుండగా 1982లో ఆమెకొక ప్రతి దొరకెను. అది జనరల్ డెవిట్ నివేదికకు మొదటి రూపము. ఒక్కొక్కరి రాజభక్తిని విచారించుటకు వ్యవధి లేకపోయెనని ప్రభుత్వము కోర్టులో వాదించియుండెను. మొదటి ప్రతిలో డెవిట్ వ్రాసినది వేరు: వ్యవధి ప్రశ్నయే కాదు, ఆ జాతివారిలో మంచిచెడుల విభజన అసాధ్యము. ఈ మాట వాదమునకు చేటని గ్రహించి, నివేదికను దిద్దించి, పాత ప్రతులను కాల్పించిరి. ఒక్క ప్రతి మిగిలిపోయెను. పీటర్ ఐరన్స్ అను న్యాయచరిత్రకారునికి ప్రభుత్వ న్యాయవాదుల లేఖలే దొరకినవి. డెవిట్ నివేదికలోని ఆరోపణలు నిజము కావని కోర్టుకు తెలుపకుండుట సాక్ష్యమును దాచుటయే యని వారు ఆనాడే పై అధికారులను హెచ్చరించియుండిరి.

ఈ ఆధారములతో యువ న్యాయవాదులు పాత శిక్షలను తిరిగి విచారింపుమని కోరిరి. 1983 నవంబరు 10వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో న్యాయస్థానమున జడ్జి మారిలిన్ హాల్ పటేల్ కొరెమాట్సుపై శిక్షను రద్దు చేసెను. ప్రభుత్వము క్షమాభిక్ష ఇచ్చుటకు సిద్ధపడగా అతడు అంగీకరింపలేదు. క్షమింపవలసినవాడు తాను గాని ప్రభుత్వము కాదని అతని భావము.

చివరి ఘట్టము శాసనసభలో జరిగెను. బ్రదికియున్న ప్రతి బాధితునికిని 20,000 డాలర్లును, క్షమాపణయు ఇయ్యవలెనని సంఘము సిఫారసు చేసియుండెను. దీనికి అభ్యంతరములు లేకపోలేదు. స్వేచ్ఛకు వెలకట్టుట అవమానము కాదా యని జపాను సంతతివారిలోనే కొందరనిరి. ఆనాడు పుట్టనివారు ఇప్పుడు పన్ను లేల చెల్లింపవలెనని ఇతరులనిరి. ఈ అభ్యంతరములు తేలికగా త్రోసివేయదగినవి కావు. కాని ఖర్చులేని క్షమాపణను ప్రభుత్వము సులభముగా మరచును. రాజ్యము నిరంతరమైనది, నిన్నటి అప్పు నేటి ఖజానా తీర్చుచునే యున్నది గదా, నిన్నటి అన్యాయము మాత్రము వేరెట్లగును? 442వ రెజిమెంటు జ్ఞాపకార్థము బిల్లునకు 442 సంఖ్యయే ఇచ్చిరి. బాలుడుగా హార్ట్ మౌంటెన్ శిబిరమున పెరిగిన నార్మన్ మినెటా దానిని సభలో నడిపినవారిలో ముఖ్యుడు. 1988 ఆగస్టు 10వ తేదీన అధ్యక్షుడు రీగన్ పౌరస్వేచ్ఛా చట్టముపై సంతకము చేసెను. 1990 అక్టోబరులో మొదటి చెల్లింపులు వయోవృద్ధులకు జరిగినవి. వారిలో 107 ఏండ్ల వృద్ధుడు గూడ కలడు. మొత్తము 82,219 మందికి పరిహారము ముట్టెను. అప్పటికి వేలకొలది ఇస్సెయిలు మరణించియుండిరి. లాటిన్ అమెరికా దేశములనుండి తెచ్చి నిర్బంధించిన జపాను సంతతివారిలో పెక్కుమందికి ఆ చట్టము వర్తింపలేదు. వారికి 1998లో కేవలము 5,000 డాలర్ల చొప్పున ఇచ్చుటకు ఒప్పందము కుదిరెను.

ఇంతటితో కథ ముగిసెనా? 1971 నాటి శాసనమునకు 2004లో పరీక్ష వచ్చెను. ఆఫ్ఘనిస్తానములో పట్టుబడిన హమ్దీ యను పౌరుని నిర్బంధించుటకు, కాంగ్రెసు 2001లో చేసిన యుద్ధతీర్మానమే ఆధారముగా చాలునని ముఖ్యాభిప్రాయము వెలువడెను. ఐనను అతనికి తన వాదన వినిపించుకొను హక్కు కలదని కోర్టు చెప్పెను. 2018లో కొన్ని దేశములవారి రాకను నిరోధించిన ప్రకటనను సమర్థించుచు, ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ కొరెమాట్సు తీర్పు వెలువడిననాడే తప్పు అని పేర్కొనెను. ఆ తీర్పులోని తర్కమునే క్రొత్త రూపమున తిరిగి నిలుపుచున్నారని న్యాయమూర్తి సోటోమేయర్ అసమ్మతి తెలిపెను. తుపాకిలోని గుండును తీసిరా, తుపాకికి పేరు మాత్రమే మార్చిరా యనునది అమెరికా న్యాయవేత్తలు చర్చించు ప్రశ్న.

మొదట మేము అడిగిన ప్రశ్నకు ఈ చరిత్ర ఇచ్చు సమాధానము సులభమైనది కాదు. రాజ్యాంగమున హక్కు వ్రాసియుండెను. భయము కలిగిన దినమున అది కాపాడలేదు. న్యాయస్థాన ముండెను, అదియు కాపాడలేదు. కాపాడినవి వేరు. ఒప్పుకొనమని నిలిచిన నలుగురు పౌరులు, అసమ్మతిని వ్రాసి భద్రపరచిన ముగ్గురు న్యాయమూర్తులు, కాల్చగా మిగిలిన ఒక్క ప్రతి, దానిని గుర్తుపట్టిన ఒక్క స్త్రీ. వీరిలో ఎవరు లేకున్నను 1988 నాటి చట్టము వచ్చియుండెడిది కాదేమో. ప్రభుత్వము తప్పు చేయకుండ నిరోధించుట ఎల్లవేళల సాధ్యము కాకపోవచ్చును. చేసిన తప్పును పేరుపెట్టి చెప్పి, మూల్యము చెల్లించి, దానికి దారితీసిన చట్టమును మార్చుట మాత్రము సాధ్యమే. నష్టమును పూడ్చుట దయ. తప్పును ఒప్పుకొనుట న్యాయము. మొదటిదానికి అమెరికాకు మూడేండ్లు చాలినవి. రెండవదానికి మరి నలువది పట్టెను.